ముందు సీట్లో అమ్మా నాయనా

మొన్న మా మనవరాలు కొత్త కారు తెచ్చి ఇంటి ముందర నిలబెట్టింది. సీట్ల మీది ప్లాస్టిక్ తొడుగులు ఇంకా తీయలేదు. ఎక్కుదామని తలుపు తెరిచి లోపలికి వంగానో లేదో, కొత్త రబ్బరూ రంగూ కలగలిసిన వాసన ముక్కుకు తగిలింది. ఎక్కకుండా తలుపు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. ఏమైంది అవ్వా అని అడిగింది పిల్ల. ఏమీ కాలేదని చెప్పి ఎక్కి కూర్చున్నాను. ఊరంతా తిప్పి చూపించింది గానీ నేను ఆ ఊళ్లో లేను. ఆళ్లగడ్డలో, మా ఇంటి ముందరి వేపచెట్టు కింద, తొమ్మిదేళ్ల పిల్లనై ఉన్నాను.

మా నాయనకు ఎడమకాలు మోకాలి దగ్గర వంగేది కాదు. పద్నాలుగేళ్ల వయసులో పత్తి మూటల బండి మీద నుంచి జారి పడితే చక్రం ఆ కాలి మీదుగా పోయింది. కట్లు కట్టేవాళ్లు కట్టారు గానీ ఎముక దాని ఇష్టం వచ్చినట్టు అతుక్కుంది. ఆయన సైకిలు తొక్కలేడు. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోలేడు. పెళ్లిళ్లలో అందరూ బంతిలో కూర్చుని తింటుంటే ఆయనకు మాత్రం ఒక మూల ఎత్తుపీట వేసేవాళ్లు. ఆ పీట మీద కూర్చుని ఎవరి వైపూ చూడకుండా గబగబా తిని లేచేవాడు.

అట్లాంటి మనిషికి కార్ల పిచ్చి పట్టింది. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. పొలం తగాదా ఒకటి ఉండి నెలకొకసారి అక్కడికి పోయేవాడు. ఆఫీసులు గుడారాల్లో నడిచేవట. ఆ గుడారాల ముందర వరసగా కార్లు నిలిచి ఉండేవట. పని అయిపోయినా ఆ డ్రైవర్ల దగ్గరే కూర్చుని, ఏ కారుకు ఎన్ని గేర్లో, గ్యాలనుకు ఎన్ని మైళ్లు పోతుందో అడిగి తెలుసుకుని వచ్చేవాడు. ఇంటికొచ్చాక అరుగు మీద కూర్చుని చేతికర్ర మొనతో దుమ్ములో కార్ల బొమ్మలు గీసేవాడు. కడప దావ మా ఇంటికి కూతవేటు దూరం. ఆ దారిన ఏదైనా బండి పోతే కళ్లు మూసుకుని, చప్పుడును బట్టి అది ఏ కారో, లోపల ఎందరున్నారో చెప్పేవాడు. నేను పరిగెత్తిపోయి చూసొచ్చేదాన్ని. పదిసార్లలో ఎనిమిదిసార్లు ఆయన చెప్పిందే నిజం.

ఆయనకు ఈ పిచ్చిలో జోడుగా నంద్యాల మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. రైలుకట్ట అవతల బండ్లు బాగుచేసే షెడ్డు ఆయనది. యుద్ధంలో బర్మా అడవుల్లో మిలిటరీ లారీలు తోలి వచ్చిన క్రైస్తవుడు. ఏ బండి ఎక్కినా ముందు కళ్లు మూసుకుని, పెదవులు మాత్రం కదిలించి ప్రార్థన చేసుకుని, ఆ తర్వాతే తాళంచెవి తిప్పేవాడు. ఇద్దరూ కలిస్తే అన్నం తినడం కూడా మర్చిపోయేంత కబుర్లు. ఇంజను గురించి వాళ్లు మాట్లాడుకునే తీరు, మంచి ఎద్దుల జత గురించి పెద్దరైతులు మాట్లాడుకున్నట్టు ఉండేది.

రెండేళ్లు వరసగా పత్తి బాగా పండింది. మూడో ఏడు నాయన, మేస్త్రీ కలిసి రైల్లో మద్రాసు పోయారు. వారం తర్వాత, పొద్దు వాలే వేళ, చాగలమర్రి వైపు నుంచి ఎర్రగా దుమ్ము లేచింది. ఊళ్లో సగం మంది మా ఇంటి ముందరే ఉన్నారు. దుమ్ములోంచి పావురాయి రంగు కారు ఒకటి బయటికొచ్చింది. ముందు సీట్లో, కిటికీ మీద మోచేయి పెట్టుకుని, మా నాయన. ఆయన ముఖం అట్లా ఉండటం నేను అంతకు ముందు చూడలేదు.

మా నాయనను కన్న జేజి హారతి ఇచ్చి గుమ్మడికాయ కొట్టించింది. కుంకుమ పెట్టడానికి కారు ముక్కు మీద చెయ్యి వేసి చటుక్కున వెనక్కి తీసుకుంది.

"ఒళ్లు కాలిపోతాంది దీనికి. నీడకు తోలి నీళ్లు తాపండప్పా."

మేస్త్రీ నవ్వలేదు. కారును వేపచెట్టు కిందికి జరిపి, కాసేపు ఆగి, మూత తీసి రేడియేటర్లో చెంబెడు నీళ్లు పోశాడు. లోపల గటగటమని చప్పుడైంది. ఎంత దప్పికైందో పాపం అంది జేజి. ఆనాటి నుంచి కారుకు నీళ్లు పట్టడం ఆమె పని. ఇంకొకరు పోస్తే ఒప్పుకునేది కాదు.

మేస్త్రీ నెలలో సగం రోజులు మా ఊళ్లోనే ఉండి కారు తోలేవాడు. మహానందికి పోయాం, అహోబిలం పోయాం. వెనక సీట్లో అమ్మా నేనూ, మా మధ్య జొన్నరొట్టెల మూట, గోంగూర ఊరుబిండి జాడీ. ఎండకు కొత్త సీటు వాసనా ఊరుబిండి వాసనా కలిసిపోయేవి. ఒక సంగతి నేను అప్పుడే గమనించాను. కార్లో కూర్చుంటే నాయన అందరిలాగే కనిపించేవాడు. అందరూ ఆయన ఎత్తులోనే కూర్చునేవాళ్లు.

నేను చేసిన తుంటరిపని ఒకటి చెప్పాలి. మధ్యాహ్నం పెద్దవాళ్లు నిద్రపోతున్నప్పుడు బడి పిల్లలను కార్లో కూర్చోబెట్టేదాన్ని. నూరు అంకెలు లెక్కపెట్టేదాకా కూర్చుంటే గుప్పెడు రేగ్గాయలు ఇవ్వాలి. హారను ముట్టుకుంటే ఇంకో గుప్పెడు. వారం రోజులకు సీట్ల సందుల్లో రేగి విత్తనాలు, కారంతా పుల్లటి వాసన. నాయన ఒక్కొక్క విత్తనమే ఏరి నా చేతిలో పోశాడు. తిట్టలేదు. నీ స్నేహితులకు బండి నచ్చిందా అని మాత్రం అడిగాడు.

ఏడాది తిరిగేసరికి మేస్త్రీ కళ్లకు పొరలు వచ్చాయి. ఎదురుగా వచ్చే బండి దగ్గరికొచ్చేదాకా తెలియడం లేదని తనే వచ్చి చెప్పి, తాళంచెవి నాయన చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. వేరే డ్రైవర్లు ఇద్దరొచ్చారు. ఒకడు తాగేవాడు. ఇంకొకడు నెల తిరగకుండానే బస్సులో పని దొరికిందని పోయాడు. కారు కొట్టంలో నిలబడిపోయింది. నాయన రోజూ పొద్దున్నే పోయి గుడ్డతో తుడిచేవాడు. తుడిచి, డ్రైవరు సీట్లో కూర్చుని, ఎడమకాలిని రెండు చేతులతో ఎత్తి క్లచ్చు మీద పెట్టేవాడు. కాలు అక్కడ ఉండేదే గానీ తొక్కేది కాదు.

ఒకనాడు చేతికర్రతో క్లచ్చు నొక్కి చూద్దామనుకున్నాడు. కారు కదిలింది కూడా. పది గజాలు పోయాక కర్ర జారింది. కారు ఎగిరి దూకి గడ్డివామిలో దూరిపోయింది. దెబ్బలేమీ తగల్లేదు. కానీ వామి కూలి కారంతా కప్పేసింది. పక్కిళ్లవాళ్లు వచ్చి చేతులతో గడ్డి లాగి ఆయనను బయటికి తీశారు. తీస్తూ నవ్వారు. తల నిండా గడ్డితో నాయన వాళ్ల మధ్య నిలబడి, ఆయనా కొంచెం నవ్వాడు. ఆ నవ్వు చూసి నేను ఇంట్లోకి వెళ్లిపోయాను.

కారు అమ్మేద్దామని ఆ రాత్రే అన్నాడట. డోన్ నుంచి లారీల యజమాని ఒకాయన వచ్చి, సంతలో ఎద్దును చూసినట్టు చుట్టూ తిరిగి తట్టి చూసి, శుక్రవారం మనిషిని పంపి తోలించుకుపోతానన్నాడు.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. జేజి ఎదుట మా అమ్మా నాయనా ఒకరితో ఒకరు మాట్లాడుకునేవాళ్లు కాదు. ఏమైనా చెప్పాలంటే నడుమ నేను ఉండాలి. 'మీ నాయనను అన్నానికి రమ్మను', 'మీ అమ్మను మజ్జిగ తెమ్మను', ఇట్లా. పెళ్లై పదేళ్లు దాటినా అంతే. అందరిళ్లల్లోనూ అదే నడిచేది కాబట్టి అది వింత అని కూడా నాకు తెలియదు.

గురువారం పొద్దున జేజి అరుగు మీద వేరుశనగ బుడ్డలు వలుస్తోంది. నాయన ఆమె పక్కనే ఉన్నాడు. అమ్మ తలవాకిట్లోకి వచ్చి నిలబడింది. నా వైపు చూస్తూ, ఎప్పటి గొంతుతోనే చెప్పింది.

"పాపా, మీ నాయనకు చెప్పు. కారు అమ్మొద్దను. మేస్త్రీని పిలిపిస్తే బండి తోలేది నేను నేర్చుకుంటా."

నేను చెప్పలేదు. నాయన తల ఎత్తలేదు. జేజి చేతిలోని బుడ్డ వలవడం ఆపేసింది. ఆమె అరుస్తుందనుకున్నాను. మా జేజి అరిస్తే వీధి చివరిదాకా వినిపించేది. ఆమె చాటలోని పొట్టును చేత్తో ఒక పక్కకు తోసింది.

"పత్తి బండి మీద వీన్ని పంపింది నేను. వాళ్ల నాయన వద్దంటానే ఉండె. నేనే పంపిస్తి." ఆ తర్వాత కోడలి వైపు తిరిగింది. "నేర్చుకో. ఊరి నడుమ గాదు. కళ్లంలో."

డోన్ ఆసామికి రావద్దని అదే రోజు కబురు పోయింది.

జొన్న కోతలై కళ్లాలు ఖాళీగా ఉన్న రోజులు. తెల్లవారకముందే కారుకు ఎద్దులు కట్టి కళ్లానికి లాక్కుపోయేవాళ్లు. మేస్త్రీ గట్టు మీద రాయి వేసుకుని కూర్చునేవాడు. కళ్లు కనిపించకపోతే ఏం, ఇంజను చెప్తుంది నాకు అనేవాడు. డ్రైవరు సీట్లో అమ్మ, చెప్పుల్లేకుండా, చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని. పక్కన నాయన. వెనక నేను. మొదటి మూడు రోజులూ కారు దగ్గుతూ దూకుతూ ఆగిపోయేది. నాయనకు చెమటలు పట్టేవి. అన్నీ నోటికొచ్చిన మనిషి కదా, క్లచ్చు ఎప్పుడు వదలాలో, పెట్రోలు ఎంత తొక్కాలో ఊపిరాడకుండా చెప్పేవాడు. నాలుగో రోజు అమ్మ స్టీరింగు మీది నుంచి చేతులు తీసేసి ఆయన వైపు తిరిగింది.

"నువ్వు అరవాకు. మజ్జిగ చిలికే తాడు మాదిరే గదా ఇది. ఒక చెయ్యి లాగుతాంటే ఇంకో చెయ్యి వదలల్ల. నాకు తెలిసింది. ఊరికే కూచో."

మా అమ్మ మా నాయనతో నేరుగా మాట్లాడటం నేను విన్నది అదే మొదలు. ఆ తర్వాత కారు దూకలేదు. కళ్లం చుట్టూ ఒక చుట్టు మెత్తగా తిరిగి వచ్చి మేస్త్రీ ముందర ఆగింది. ముప్పై ఏళ్లుగా మనుషులకు నేర్పుతున్నాను, ఈ మజ్జిగ తాడు మాట నాకెప్పుడూ తోచలేదే అన్నాడాయన.

రెండు నెలలు పట్టింది. కర్నూలు పోయి లైసెన్సు తెచ్చుకున్నారు. అక్కడి ఆఫీసరు కాగితం మీద పేరు చూసి, ఈ అమ్మ ఎందుకు వచ్చింది, తోలేవాడు ఏడీ అని రెండుసార్లు అడిగాడట. తోలి చూపించాక మారు మాట్లాడకుండా సంతకం చేశాడట.

మొదటిసారి నంద్యాల పోయింది మా ఊరి సంత రోజున. అమ్మ వెనక సందు గుండా పోదామంది. నాయన ఒప్పుకోలేదు. బజార్లోనే పోనీ అన్నాడు. సంత జనం రెండు పక్కలా విడిపోయి దారి ఇచ్చారు. బేరాలు ఆగిపోయాయి. కాఫీ హోటలు ముందర బెంచీ మీద నలుగురు కూర్చుని ఉన్నారు. కారు వాళ్ల దగ్గరికి వచ్చినప్పుడు, అందులో ఒకాయన మాకు వినిపించేటట్టే అన్నాడు.

"కుంటోనికి కాలు దొరికిందిరోయ్."

బెంచీ అంతా నవ్వింది. ఆపు అన్నాడు నాయన. అమ్మ ఆపింది. నాయన కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఔనన్నా, దొరికింది. నంద్యాలకు పోతాండాం. వస్తావా?"

ఆ మనిషికి నంద్యాల కోర్టులో నిజంగానే పనుందట. మిగిలిన ముగ్గురూ ఆయననే చూస్తున్నారు. పోకపోతే భయపడ్డాడంటారు. లేచి, తువ్వాలు దులుపుకుని, వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఊరు దాటిన దగ్గర నుంచి ముందు సీటు అంచును రెండు చేతులతో పట్టుకుని వదల్లేదు. శిరివెళ్ల మెట్ట ఎక్కేటప్పుడు ఆంజనేయస్వామిని తలుచుకోవడం నాకు వినిపించింది. ఎదురుగా బస్సు వస్తే అమ్మ నిదానంగా పక్కకు తీసి, అది పోయాక మళ్లీ దారి ఎక్కింది. నంద్యాలలో దిగి ఆయన అమ్మకు దండం పెట్టాడు. ఎగతాళిగా కాదు. మర్నాటికి హోటలు దగ్గర మాట మారిపోయింది. బస్సు తోలేవాళ్లకంటే ఆయమ్మే మేలని అందరికీ చెప్పింది ఆయనే.

మేము నేరుగా మేస్త్రీ ఇంటికి పోయాం. ఇక్కడ నాకు సిగ్గు కలిగించే ఒక సంగతి చెప్పక తప్పదు. మా ఇంట్లో మేస్త్రీ కాఫీ తాగే గ్లాసు వేరే ఉండేది. బయటి గూట్లో పెట్టేవాళ్లు. తాగి ఆయనే కడిగి పెట్టిపోయేవాడు. ఆయనా ఏమీ అనలేదు, మేమూ ఏమీ అనుకోలేదు. ఆ రోజు మేస్త్రీ భార్య మాకు చాప పరిచి, నాయనకు కుర్చీ వేసి, కాఫీ తాగుతారో లేదో అన్నట్టు అమ్మ ముఖం వైపు చూసింది. అమ్మ ముందుగా తనే అడిగి తీసుకుంది. రెండు గుక్కలు తాగి, బెల్లం కొంచెం ఎక్కువైందక్కా అంది. మేస్త్రీ బయట కారు మూత తీసి, ఇంజను మీదికి చెవి వంచి, ఒక వాల్వు వదులైందని చెప్తున్నాడు. తర్వాత ఆయన మా ఊరు వచ్చినప్పుడు అమ్మ గూట్లోని గ్లాసు తీసుకురాలేదు. లోపలి గ్లాసుల్లో ఒకటి తెచ్చి ఇచ్చింది. జేజి చూసింది. చూసి, బుడ్డలు వలుచుకుంటూ కూర్చుంది.

నంద్యాలలో ఉగ్గాని బజ్జీలు తిని, రంగుసోడా తాగి, పొద్దు వాలుతుండగా తిరుగుదారి పట్టాం. నేను వెనక సీట్లో పడుకున్నాను. నిద్రపోయాననుకున్నారు. దారికి రెండు పక్కలా నల్లరేగడి చేలు, విరగపూసిన పత్తి. కొంతదూరం పోయాక నాయన గొంతు వినిపించింది.

"నా కాలి సంగతి పెండ్లికి ముందు నీకు చెప్పలేదంట గదా మీ వాళ్లు."

"చెప్పలా."

"చెప్పింటే?"

"ఆగు, ముందర గుంత ఉండాది." ఆమె గేరు మార్చి గుంత తప్పించి మళ్లీ వేగం అందుకుంది. "చెప్పింటే ఏడ్వకుండా వచ్చేదాన్ని. చెప్పనందుకు ఏడిస్తి గాని, కాలుకు గాదు."

మైలు రాయి ఒకటి దాటింది, ఇంకొకటి దాటింది. ఆ పెళ్లినాటి ఏడుపు పదేళ్లుగా ఆయన తన కాలి మీదే వేసుకుని మోశాడని, ఆ రోజు అది దిగిపోయిందని నాకు అర్థం కావడానికి, నేను పెళ్లి చేసుకుని, పిల్లలను కని, ముసలిదాన్ని కావాల్సి వచ్చింది. అప్పుడు నాకు తెలిసిందల్లా ఒక్కటే. కాసేపటికి ఆయన ఏదో కూనిరాగం తీశాడు. మా నాయనకు పాడటం వచ్చునని కూడా నాకు తెలియదు.

ఆ తర్వాత వాళ్లకు కారు పనులు ఎక్కువయ్యాయి. పత్తి ధర కనుక్కోవడానికి నంద్యాల, విత్తనాలకు నంద్యాల, ఏమీ లేకపోతే కారుకే ఏదో చప్పుడొస్తోందని మేస్త్రీ దగ్గరికి నంద్యాల. ఇంటికి రాగానే మళ్లీ మామూలే, నడుమ నేను. 'మీ నాయనను కాళ్లు కడుక్కోమను.' జేజికి అంతా తెలుసుననే అనుకుంటాను. పని లేక వారం రోజులు ఇంట్లోనే ఉంటే, ఆమే, మందు అయిపోయిందనో, నంద్యాల వక్కలు కావాలనో వాళ్లను పంపేది. తను మాత్రం ఒకే ఒకసారి ఎక్కింది. అహోబిలంలో కారు దిగి, మెట్ల దగ్గర కనపడిన ప్రతి మనిషికీ, అడక్కపోయినా, మా కోడలు తోల్తాది అని చెప్పుకుంటూ పైకి పోయింది.

కారు పద్దెనిమిదేళ్లు మా ఇంట్లో ఉంది. నాయన పోయిన ఏడాదికి అమ్మేశాం. ఆయన పోయాక అమ్మ ఒక్కసారి కూడా దాన్ని తోలలేదు. ఎందుకమ్మా అంటే, పక్కన అరిచేటోడు లేకుంటే నిద్ర వస్తాది అనేది. మా జేజి లేదు, మేస్త్రీ లేడు, ఆ కళ్లం ఇప్పుడు ఇళ్ల స్థలాలైపోయింది. ఆ గ్లాసు గూడు ఉన్న ఇల్లూ లేదు.

అమ్మ చాలా ఏళ్లు బతికింది. చివరి రోజుల్లో నా దగ్గరే ఉంది. ఒక మధ్యాహ్నం ఆమె తల దువ్వుతూ, ఎన్నాళ్ల నుంచో అడగాలనుకున్నది అడిగాను. నేను బడికి పోయిన రోజుల్లో మీరిద్దరే కార్లో పోయేవాళ్లు కదా, అంత దూరం ఏం మాట్లాడుకునేవాళ్లు అని.

ఆమె నా వైపు తిరగలేదు. దువ్వెన కింద ఆ నెరిసిన తల కొంచెం వంగింది.

"ఏముంటాది పాపా," అంది. "దావ గురించే."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. వంగి చూస్తే, నవ్వుతోంది.